ముందు గుంట గట్టెక్కండి

ఫైనలియర్ ప్రాజెక్టు డబ్బులిచ్చి కొనుక్కునేవాళ్లు ఈ పేజీ తిప్పేయొచ్చు. మిగతావాళ్లతోనే నా మాట.

మీరు చదివేది నెల్లూరులో అనుకుందాం. బస్సెక్కి ఇందుకూరుపేట, విడవలూరు వైపు వెళ్తే రొయ్యల గుంటలే. వనామి రొయ్య వేసిన రైతుకు తెల్లవారుజామున కంటిమీద కునుకుండదు. పగలు నీళ్లలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే పీల్చుకుంటుంది. పొద్దు పొడిచేముందు నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) బాగా పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి దిగిందంటే రైతుకు గుండె దడే. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయా, పంటంతా పోవచ్చు.

దీనికి మన కుర్రాళ్లు సెన్సర్ చేస్తారు. ల్యాబులో బకెట్ నీళ్లలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మార్కులూ పడతాయి. గుంటలో దించి చూడండి. కొద్దిరోజుల్లోనే పాకుడు పట్టి తప్పు లెక్క చూపిస్తుంది, ఉప్పుగాలికి కనెక్టర్లు చిలుం పడతాయి. రైతు మీ యాక్యురసీ అడగడు. “దీన్ని రోజూ కడిగేదెవురు నాయనా?” అంటాడు. అసలు ప్రాజెక్టు అక్కడ మొదలవుతుంది.

తెలివంతా మన గోడల లోపలే ఉండదు, బయటిది తెచ్చుకోండి, మనది బయటికివ్వండి అని హెన్రీ చెస్‌బ్రో 2003లో ‘ఓపెన్ ఇన్నోవేషన్’ పుస్తకంలో చెప్పింది కంపెనీలకు. విద్యార్థికి అది ఇంకా తేలిక, కాపాడుకోవాల్సిన గోడలే లేవు కదా! స్టాన్‌ఫర్డ్‌లో ఎంఈ310 కోర్సుకు కంపెనీలే సమస్యలిస్తాయి, వేరే దేశపు విద్యార్థులతో కలిసి పరిష్కరించాలి. ఫిన్లాండ్‌ అయితే 2010లో టెక్నాలజీ, డిజైన్, బిజినెస్ చదువులు చెప్పే మూడు విద్యాసంస్థలను కలిపేసి ఆల్తో యూనివర్సిటీ పెట్టింది. ఆ దేశపు విద్యార్థే అయిన లైనస్ టోర్వాల్డ్స్ 1991లో సగంలో ఉన్న పనిని నలుగురి ముందు పెట్టి, మీకేం కావాలని అడిగాడు. లినక్స్ అలా పెరిగింది. మనవాళ్లకు తెలివి తక్కువేం కాదు, సగం పని చూపించాలంటేనే సిగ్గు.

మన దగ్గరే చూడండి, గుంటల్లో తేలే సెన్సర్లతో విజయవాడలో 2012లో మొదలైన ఎరువాక టెక్నాలజీస్‌లో, 2018లో నెదర్లాండ్స్ సంస్థ న్యూట్రెకో పెట్టుబడి పెట్టింది. సమస్య మన గట్టు మీదిదే.

గట్టెక్కాక “మీ సమస్యలేంటి సార్?” అనకండి, “రేటు లేదు” అన్న జవాబొస్తుంది. “రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎందుకు?” అని అడిగి, నోరు మూసుకుని వినండి. కాళ్లు కడుక్కోకుండా ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పోకండి. తెల్లమచ్చ వైరస్ భయంతో రైతు మళ్లీ రానివ్వడు. ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. వాళ్లకు రొయ్య జబ్బులు తెలుసు, మీకు సర్క్యూట్లు తెలుసు. ఒకే జిల్లాలో ఉండి ఒకరి ముఖం ఒకరు చూసుకోకపోవడం నాకైతే వింతే.

పేటెంట్ ఆలోచన ఉంటే మాత్రం దరఖాస్తు వేశాకే ఫెస్టుల్లో, ఇన్‌స్టాలో పెట్టండి. ముందే బయటపెడితే కొత్తదనం లేదని తిరగ్గొట్టొచ్చు. గుంట దగ్గరి కాపలా మనిషి చెప్పిన కిటుకు మీ డిజైన్‌లో పనికొస్తే, అతన్ని అడిగి, రిపోర్టులో గైడ్ పేరు పక్కనే అతని పేరూ రాయండి.