ఊతపదాలు – ఉత్తపదాలు

నడవలేని వానికి చేతికర్ర ఎట్లా ఊతమో, మాట తోచని వానికి నోటికి అలవాటైన పదం అట్లా ఊతమవుతుంది. అందుకే మన పెద్దలు దానికి ఊతపదమని పేరు పెట్టారు. మా చిన్నతనంలో ప్రతి వీధిలోనూ ఇటువంటి పదంతోనే గుర్తింపబడే పెద్దమనిషి ఒకరుండేవారు. ఒకాయన ప్రతి మాటకు ముందు "అది కాదు గానీ" అనేవాడు. ఏది కాదో ఎవరికీ తెలిసేది కాదు. మరొకాయన వాక్యం చివర "అర్థమైందా?" అని అడిగి, జవాబు వినకుండానే సాగిపోయేవాడు. వీటివల్ల ఎవరికీ నష్టం లేదు. పిల్లలు నవ్వుకొనేవారు, అంతే.

నేటి తరగతి గదిలో ఆ స్థానం "యాక్చువల్లీ"కి దక్కింది. కిందటేడు మా విద్యార్థి ఒకడు పది నిమిషాల ప్రసంగం చేస్తుంటే, వెనుక బెంచీలోని అతని మిత్రుడు పుస్తకం అట్టమీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. ఏమిటవని అడిగితే "యాక్చువల్లీలు, సార్, నలభై ఒకటి" అన్నాడు. ఆ మాటకు "నిజానికి" అని గదా అర్థం! నలభై ఒక్కసారి నిజానికి అనవలసి వచ్చిందంటే మిగిలిన వాక్యాల సంగతి ఏమిటన్న సందేహం వినేవారికి కలగడం సహజం. దాని వెంటనే "బేసికల్లీ" వస్తుంది. బాగున్న ప్రతిదీ "వేరే లెవెల్". ఆదోని బజారులో పొద్దున తిన్న ఉగ్గాని బజ్జీ వేరే లెవెల్, పాసైన మార్కులు వేరే లెవెల్, చనిపోయిన మహానుభావుని త్యాగం కూడా వేరే లెవెల్. ఉగ్గానికీ త్యాగానికీ ఒకే కొలపాత్ర! ఉర్దూ మాధ్యమం విద్యార్థులు తాము వెనుకబడలేదని నిరూపించడానికి ప్రతి వాక్యానికీ ఒక "మతలబ్" తగిలిస్తారు. మతలబ్ అంటే అర్థం. అన్నిసార్లు అర్థం అన్నా అర్థం మాత్రం ఆమడ దూరాన్నే ఉంటుంది.

యువకుల మాటలను నేను పెద్దగా తప్పు పట్టను. అవి వానాకాలపు పుట్టగొడుగులు. ఒక సినిమాతో వచ్చి మరో సినిమాతో పోతాయి. వేదికల మీద పెద్దలు వాడే పదాలకు మాత్రం చావు లేదు. "వీరిని పరిచయం చేయనక్కరలేదు" అని తెలుగులో మొదలుపెట్టి పావుగంట పరిచయం చేస్తారు. తరువాత ఉర్దూ వక్త లేచి అదే అతిథిని "మొహ్తాజె తఆరుఫ్ నహీఁ" అని మరో పావుగంట పరిచయం చేస్తాడు. రెండు భాషల మధ్య ఇంతటి సమైక్యత మరెక్కడా కనిపించదనడంలో అతిశయోక్తి లేదు. చూశారా, "అతిశయోక్తి లేదు" అన్న ఊతం నా కలానికీ దొరికింది. ఈ రోగానికి నేను వైద్యుణ్ణి కాను, రోగినే. ఒక ఏడు వార్షికోత్సవ నివేదికలో మన కళాశాల సర్వతోముఖాభివృద్ధి సాధించిందని రాసి సభలో చదివాను. సభ ముగిసిన తరువాత కమిటీ పెద్ద ఒకరు నన్ను పక్కకు పిలిచి, "లెక్చరర్ సాబ్, ఏయే ముఖాలో కాస్త చెప్పండి, నేను చూసినవి రెండే" అన్నారు. నేను లెక్కపెట్టబోయి ఊరుకొన్నాను.

ఇక అసలు విషయానికి వద్దాం. విసుగు పుట్టించే పదాలను తీసివేయాలన్న మాట రాగానే మన ఊళ్ళలో చర్చ ఒకే దారి పడుతుంది. పరాయి పదాలను వెళ్ళగొడితే తెలుగు బాగుపడుతుందంటారు. ఆగస్టు 29, గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఆ సందర్భంగా ఒకసారి అన్యభాషా పదం లేకుండా మూడు నిమిషాలు మాట్లాడే పోటీ పెట్టాం. మొదటి విద్యార్థి ఉత్సాహంగా లేచి "మన జిల్లా రైతులు" అన్నాడు. ఉర్దూ మాధ్యమం అమ్మాయి ఒకతె చేయి పైకెత్తింది. జిల్లా అరబ్బీ మాట. రైతు కూడా అరబ్బీ "రయ్యత్" నుంచి వచ్చినదే. ఆ అబ్బాయి మూడో మాట అనకుండానే కూర్చున్నాడు. తరువాతివారు కాగితం, జేబు, దుకాణం, ఖర్చు, రసీదు అంటూ వరుసగా రాలిపోయారు. నేను ఆ పూట ఎవరు వచ్చారో ఎవరు రాలేదో రాసుకోవలసిన పట్టీ పేరే హాజరు పట్టీ!

ఆ సభకు వచ్చిన అతిథి ఒకరు బయలుదేరుతూ నా తెలుగును మెచ్చుకొన్నారు. "మీవాళ్ళలో ఇంత మంచి తెలుగు అరుదండీ" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. తెలుగులో ఎం.ఏ. చదివి, తెలుగు చెప్పి బతికే నాకు ఆ మాట ఏడాదికి నాలుగైదుసార్లయినా వినవస్తుంది. పిఠాపురం ఉమర్ ఆలీషా కవిగారు 1885లో పుట్టి 1945లో కన్నుమూసేదాకా తెలుగులో కావ్యాలూ నాటకాలూ రాశారు. ఆయనకూ ఈ మెప్పు వినక తప్పి ఉండదు. నాకు నిజంగా విసుగు పుట్టించే పదం ఏదని అడిగితే, యాక్చువల్లీ కంటె ముందు ఆ "మీవాళ్ళు" అన్న మాటనే చెబుతాను.

మన ప్రాంత చరిత్ర తెలిసినవారు పదాల కులగోత్రాలు అడగరు. పద్దెనిమిదో శతాబ్దంలో ఆదోని బసాలత్ జంగ్ ఏలుబడిలో ఉండేది. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషువారికి దత్తం చేశాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని బళ్ళారి జిల్లాలోనే ఉన్నది. కచేరీలో పారసీ, సంతలో తెలుగు, పక్క ఊరిలో కన్నడం, గడపలో దక్కనీ, ఇట్లా బతికిన సీమ ఇది. దరఖాస్తు, మంజూరు, దాఖలు, జప్తు, రద్దు, ఖరారు అనే మాటలు రైతుకు పొలం గట్టంత పరిచయం. కడపలో పనిచేసిన బ్రౌను దొర ఈ సంగతి గ్రహించాడు. 1852లో తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించి, 1854లో తెలుగులో కలిసిపోయిన అన్యభాషా పదాలకు ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువును అచ్చువేయించాడు. ఆ మాటలు తెలియనిదే అర్జీ ఒక్కటి కూడా అర్థం కాదని ఆయనకు తెలుసు.

ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే జరగలేదు. మన దక్కనీలో "బోల్‌కే" అన్న ప్రయోగాన్ని గమనించండి. "వస్తానని చెప్పాడు" అనే వాక్యంలో తెలుగు "అని" ఎక్కడ ఉంటుందో, దక్కనీ "బోల్‌కే" అక్కడే వచ్చి కూర్చుంటుంది. ఉత్తరాది ఉర్దూలో ఈ పద్ధతి లేదు. మాటను కాదు, వాక్యపు ఎముకనే మనం తెలుగు నుంచి తీసుకొన్నాం. కనుక పుట్టుకను బట్టి పదానికి శిక్ష వేయరాదు. అది పని చేస్తున్నదా, లేదా అన్నది ఒక్కటే చూడాలి.

ఎమ్మిగనూరు మగ్గాల దగ్గరకు వెళ్ళి చూడండి. పడుగు, పేక, కండె, నాడె, ఆసు, ఈ మాటల్లో ఒక్కటీ ఊరకే కూర్చోదు. పడుగు అనవలసిన చోట పేక అంటే పని ఆగిపోతుంది. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన చేనేత సహకార సంఘం వల్ల ఆ ఊరి పేరు దేశమంతా తెలిసింది. అక్కడ వట్టి మాటతో గజం బట్ట కూడా దిగదు. ఆదోని పత్తి మార్కెట్టులోనూ అంతే. క్వింటాలు, తేమ, ధర అంటే వాటికి లెక్క ఉంది. చెప్పినవాడు ఆ లెక్కకు కట్టుబడాలి.

పనిచేయని మాట వేరే చోట దొరుకుతుంది. "తమ అర్జీ పరిశీలనలో ఉన్నది." "తగు చర్యలు తీసుకొనబడును." ఎవరు పరిశీలిస్తున్నారు? ఎవరు తీసుకొంటారు? ఎప్పుడు? "బడు" అన్న ప్రత్యయం చేరగానే కర్త మాయమవుతాడు. ఇంట్లో ఎవరూ "అన్నం వండబడింది, పిల్లలచేత తినబడింది" అనరు. కార్యాలయపు కాగితం మీద మాత్రం అన్నీ వాటంతటవే చేయబడతాయి, లేదా చేయబడవు. అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. వావిలాల గోపాలకృష్ణయ్యగారు అధ్యక్షులుగా 1974లో అధికార భాషా సంఘం ఏర్పడింది. సామాన్యుడికి తన భాషలో జవాబు రావాలన్నది వారి ఆశయం. తెలుగులో జవాబు వచ్చింది గాని అందులో కర్త రాలేదు. 2022లో చట్ట సవరణతో ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయింది. సంతోషమే. అయితే "పరిశీలనలో ఉన్నది" అన్నదానికి ఉర్దూలో "జేరే గౌర్ హై" అనే చక్కని మాట ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నదని మరువకండి. ఈ జబ్బు మనకొక్కరికే లేదు. ఇంగ్లాండులో జార్జ్ ఆర్వెల్ 1946లో ఇటువంటి అరిగిపోయిన మాటలమీద పెద్ద వ్యాసమే రాశాడు. అక్కడి సర్కారు నౌకర్లకు సూటిగా రాయడం నేర్పడానికి గోవర్స్ అనే ఉన్నతాధికారి 1948లో పుస్తకం రాయవలసి వచ్చింది.

ఇప్పుడు ఆ పాత మాటలకు ఒక చిన్న తమ్ముడు పుట్టాడు. వాడి పేరు సర్వర్.

ఎమ్మిగనూరులో మా ఖాలా ఒకామె ఉన్నది. నలభై ఏళ్ళు కండెలు చుట్టిన చేతులు. కొన్నేళ్ళ క్రిందట రేషన్ కార్డు పని మీద ఆమె ఒక కార్యాలయానికి తిరిగింది. ఒకరోజు నేను ఫోనులో ఏమైందని అడిగితే, "సర్వర్ సాబ్ ఆజ్ బీ నై ఆయే బోల్‌కే బోలే, బేటా" అన్నది. సర్వర్ దొర ఈ రోజు కూడా రాలేదని చెప్పారట! నాకు నవ్వాగలేదు. తరువాత ఆలోచిస్తే ఆమె తప్పేమీ కనిపించలేదు. సర్వర్ అంటే పారసీలో నాయకుడు, పెద్ద. మన వీధుల్లో ఆ పేరుగల మనుషులు ఎందరో ఉన్నారు. "సర్వర్ లేదు, రేపు రా" అంటే ఆమె ఏమనుకోవాలి? సర్వర్ సాబ్ సెలవులో ఉన్నాడనుకొని నాలుగుసార్లు వెళ్ళివచ్చింది. నాలుగు రోజుల కూలి పోయింది. ఆ నెల బియ్యం రాలేదు.

అయిదోసారి నేను వెంట వెళ్ళాను. కంప్యూటరు ముందున్న కుర్రవాడు మర్యాదస్థుడే. సర్వర్ ఎప్పుడు వస్తుందని అడిగాను. అతడు కొంచెం తడబడి, "సర్వర్ బాగానే ఉంది సార్. అవ్వ వేలిముద్ర పడడం లేదు. రోజుకు ఇట్లా పదిమంది వస్తారు, అందరికీ వివరంగా చెప్పలేక సర్వర్ అనేస్తాం" అన్నాడు. నూలు తాకి తాకి ఆమె వేళ్ళ గీతలు అరిగిపోయాయి. ఆ ఒక్క మాట మొదటి రోజే చెప్పి ఉంటే, ఆధార్ నమోదు కేంద్రానికి వెళ్ళి కంటిపాప గుర్తుతో పని జరిపించుకొనేది. చివరికి అట్లాగే జరిగింది. ఇంటికి వస్తూ ఆటోలో మా ఖాలా, "మరి సర్వర్ సాబ్ సంగతి?" అని అడిగింది. అటువంటి దొర లేడని చెప్పాను. ఆమె చాలాసేపు తన అరచేతులు చూసుకొంటూ కూర్చున్నది.

విద్యార్థి మిత్రులారా, ఆ తరువాత నేను తరగతిలో నల్లబల్ల మీద "తీసివేయవలసిన పదాలు" అని రాసి మీచేత చెప్పించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మీరు చాలా చెప్పారు. యాక్చువల్లీ మీద మీకే కోపముందని తెలిసి ఆశ్చర్యపోయాను. చివర ఒక అమ్మాయి లేచి, ఏ భాషవారికీ అభ్యంతరం ఉండని అచ్చ సంస్కృత పదం ఒకటి చెప్పింది. "త్వర" అన్నది. ఎందుకమ్మా అంటే, "లైబ్రరీకి ఉర్దూ-తెలుగు నిఘంటువులు త్వరలో తెప్పించబడును అని మూడేళ్ళ మ్యాగజైన్లలో ఉంది సార్" అన్నది.

గంట కొట్టిన తరువాత లైబ్రరీకి వెళ్ళి పాత సంచికలు తీసి చూశాను. ఆ అమ్మాయి చెప్పినది నిజమే. మూడు నివేదికలూ నేను రాసినవే. ఈ ఏటి నివేదిక చిత్తుప్రతిని కమిటీ పెద్దలకు సమర్పించినప్పుడు ఆ వాక్యంలో "త్వరలో" కొట్టివేసి, అక్కడ తేదీకి చోటు వదిలాను. "తెప్పించబడును" అన్నచోట పేరుకు కూడా చోటు వదిలాను. ఇది రాసే నాటికి ఆ రెండు ఖాళీలూ అట్లాగే ఉన్నాయి.