ఏ పచ్చో తేల్చుకున్నాకే మందు

చిరంజీవి అల్లుడికి,

నువ్వు పంపిన చెరువు ఫొటోలు చూశాను. నీళ్ళు పచ్చబడ్డాయని కంగారుపడి మైలుతుత్తం బస్తా తెచ్చేశావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. బొచ్చె, శీలావతి పెంచే చెరువు పచ్చబడకపోతేనే దిగులు పడాలిరా. ఆ పచ్చదనం ప్లాంక్టన్. చేపకు మేత అదే, పగటిపూట నీళ్ళకు ఆక్సిజన్ ఇచ్చేదీ అదే. నువ్వు తేల్చుకోవలసింది అది ఏ పచ్చ అన్నది.

ముందు ఒక రేకు పళ్ళేనికి నాలుగు భాగాలుగా తెలుపు, నలుపు రంగులు వేసి, తాడు కట్టి నీళ్ళలోకి దించు. 30–40 సెంటీమీటర్ల లోతులో కనుమరుగైతే చెరువు బాగుంది, దాని జోలికి పోకు. 20 లోపే మాయమైతే ప్లాంక్టన్ మితిమీరినట్టు.

తర్వాత గాలివాటు మూలకు వెళ్ళు. పచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టె కట్టి, కుళ్ళువాసన వస్తుంటే నీలిపచ్చ నాచు అని అనుమానించు. ఒక గాజు సీసాలో ఆ నీళ్ళు పట్టి, గంటసేపు కదపకుండా ఉంచు. పచ్చదనమంతా పైకి తేలితే మైక్రోసిస్టిస్ లాంటి నీలిపచ్చ నాచు అన్నమాటే. దాని కణాల్లో గాలి తిత్తులుంటాయి, అందుకే తేలుతుంది. మామూలు పచ్చ ప్లాంక్టన్ నీళ్ళంతా కలిసి ఉంటుంది, లేదా మెల్లగా అడుక్కి దిగుతుంది. సీసాతో నిర్ధారణ కాకపోతే ఉండిలోని మత్స్య పరిశోధన కేంద్రంలో సూక్ష్మదర్శిని కింద చూపించు. ఈలోగా ఆ మూలన గేదెల్ని నీళ్ళు తాగనివ్వకు. ఆ నాచులో కాలేయాన్ని పాడుచేసే విషం ఉండొచ్చు.

నీ రెండో ఫొటోలోది వేరే సంగతి. కర్రతో ఎత్తితే పోగులు పోగులుగా వేలాడుతోంది చూడు, అది దారపు నాచు. గట్టు వారన నీళ్ళు మోకాలి లోతే ఉండి, ఎండ అడుగుదాకా తగిలితే అక్కడ పుడుతుంది. దానికి మందక్కర్లేదు. వల వేసి లాగించి గట్టుకు దూరంగా పోయించు, నీటిమట్టం పెంచు. అది పోకముందు ఎరువు మాత్రం వెయ్యకు, తినేది అదే.

ఇక మైలుతుత్తం. దాని మోతాదు నీళ్ళ క్షారత్వాన్ని బట్టి ఉంటుంది, షాపువాడి నోటిని బట్టి కాదు. క్షారత్వాన్ని వందతో భాగిస్తే వచ్చేదే పీపీఎం. 150 ఉంటే ఒకటిన్నర, అంటే మీటరు లోతున్న ఎకరానికి ఆరు కిలోలు. 50 కంటే తక్కువుంటే ముట్టుకోవద్దు, చేపలే పోతాయి. వెయ్యక తప్పకపోతే చెరువులో పావు భాగానికి, ఆ భాగానికి సరిపడా మాత్రమే, మంచి ఎండ కాసే రోజు పొద్దున వెయ్యి. చెరువంతా ఒకేసారి కొట్టావా, చచ్చిన నాచు కుళ్ళుతూ ఉన్న ఆక్సిజనంతా లాగేస్తుంది. ప్లాంక్టన్ కూడా రాత్రిపూట ఆక్సిజన్ ఇవ్వకపోగా తానే వాడుకుంటుంది. ఈ రెండూ కలిసి తెల్లవారుజాముకు చెరువులో ఆక్సిజన్ ఖాళీ అవుతుంది. నాలుగింటికి టార్చి వేసి చూస్తే చేపలు మూతులు పైకి పెట్టి గుటకలేస్తూ కనిపిస్తాయి. అప్పటికప్పుడు ఏరియేటర్లు తిప్పాలి, ఇంజను పెట్టి కొత్త నీళ్ళు తోడాలి. మబ్బు పట్టిన రోజుల్లో ఆ వేళకు నువ్వే గట్టు మీదుండు, కూలీని పంపి పడుకోకు.

ఇంత చేసినా మందుతో పోయిన నాచు మళ్ళీ వస్తుంది. నాచుకు తిండి పెడుతున్నది నువ్వే కదా! సంచుల్లో కట్టిన తవుడు, చెక్క ఎంత మిగులుతోందో రోజూ విప్పి చూస్తున్నావా? మేతలోని నత్రజని, భాస్వరాల్లో చేప ఒంటికి పట్టేది కొంతే, సగానికి పైగా నీళ్ళలోకే పోతుంది. మేత తగ్గించు, కోళ్ళ ఎరువు ఆపు, తూము తీసి కొంత నీరు మార్చు. పనులన్నిట్లోకీ ముందు చెయ్యవలసింది ఇదే. సిల్వర్ కార్ప్ వేస్తే నాచంతా తినేస్తుందని ఎవరో చెప్పారన్నావు. కొంత సాయపడుతుంది గానీ, దాన్నే నమ్ముకుంటే చాలదు.

ఒక్క సంగతి మరిచిపోకు. నీలిపచ్చ నాచులో కొన్ని జాతుల వల్ల చేపకు మట్టి వాసన పడుతుంది, వ్యాపారి ధర కోస్తాడు. పట్టుబడికి వారం ముందే ఒక చేపను తీయించి, మసాలా లేకుండా ఉడికించి మీ అమ్మకు పెట్టు. వాసన ఉందని ఆవిడంటే లారీ వాయిదా వేసి, మంచినీళ్ళు పారించి, మళ్ళీ రుచి చూపించాకే పట్టించు.

ఆశీస్సులతో,
మీ మావయ్య