ట్రైలర్ తోక ఊపితే తప్పు ఎక్కడ?

అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) నుంచి ఉత్తరానికి సాగే జాతీయ రహదారి 4 మీద జిర్కాటాంగ్ చెక్‌పోస్టు ఉంది. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు దారి జరావా తెగ రక్షిత అడవి గుండా పోతుంది. వాహనాలను కాన్వాయ్‌గా వదులుతారు. గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు, ఒకరినొకరు దాటకూడదు, మధ్యలో ఆగకూడదు. ఒక జీపు వెనక ఫైబర్ పడవను మోసే ట్రైలర్ కట్టారనుకుందాం. అడవిలో అది ఊగడం మొదలుపెడితే దిగి సర్దుకునే వీలు లేదు. ఆ సర్దుబాటు గేటుకు ముందే జరగాలి.

ట్రైలర్‌కు రెండు రకాల చెడ్డ కదలికలున్నాయి. ఒకటి తోక ఆడించినట్లు పక్కలకు ఊగడం, రెండోది పైకీ కిందికీ ఎగిరిపడటం. రెండింటినీ కలిపి రోడ్డునో గాలినో తిట్టడం అలవాటు. రోడ్డూ గాలీ మొదటి తోపు ఇస్తాయి, నిజమే. ఆ తోపు చల్లారుతుందా పెరుగుతుందా అన్నది మాత్రం చాలావరకు బరువు ఎక్కడ పెట్టారన్న దాని మీద ఆధారపడుతుంది.

ఎడ్లబండి తోలినవారికి ఇది కొత్త కాదు. బరువు వెనక్కి పడితే కాడి పైకి లేచి ఎడ్ల మెడ పట్టేస్తుంది. అందుకే కాడి మీద కొంచెం బరువు నిలిచేలా బస్తాలు సర్దుతారు. ట్రైలర్‌లోనూ బరువు కేంద్రం ఇరుసుకు కాస్త ముందు ఉండాలి. మొత్తం బరువులో దాదాపు పదో వంతు జీపు కొక్కెం మీద పడాలని సాధారణంగా చెబుతారు. ఆ కొక్కేనికి తయారీదారు పెట్టిన పరిమితిని మాత్రం దాటకూడదు.

చిక్కంతా పడవలోనే ఉంది. దాని ఇంజన్ వెనక అంచున వేలాడుతుంది, ఇంధనం ట్యాంకు కూడా తరచుగా అటువైపే. లెక్క వేసి చూద్దాం. పడవతో కలిపి ట్రైలర్ బరువు 800 కిలోలు, ఇరుసు నుంచి కొక్కేనికి దూరం 4 మీటర్లు. చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, ట్రైలర్‌ను సమతలంగా ఉంచి, ముందు కొసను బరువు తూచే యంత్రం మీద ఆనిస్తే 45 కిలోలు చూపించింది. కావలసింది 80. ఇరుసుకు 2 మీటర్లు వెనక ఉన్న 70 కిలోల ఇంజన్‌ను విప్పి, పడవలో సరిగ్గా ఇరుసు పైన పెట్టి కడితే కొక్కెం మీద 70 × 2 ÷ 4, అంటే 35 కిలోలు పెరుగుతాయి. లెక్క సరిపోయింది.

ఇంజన్‌ను కదపకుండా పడవ ముందు కొసన ఇసుక బస్తాలు వేసినా యంత్రం 80 చూపిస్తుంది. కానీ రెండు చివర్లా బరువున్న ట్రైలర్ వ్యాయామశాలలోని డంబెల్ లాంటిది. తిరగడం మొదలైతే ఆపడం కష్టం. బరువు ఇరుసు దగ్గర చేరితే ఊగులాట త్వరగా చల్లారుతుంది. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయం ఇంజనీర్లు బరువులూ ఇరుసు స్థానమూ మార్చగలిగే ట్రైలర్‌తో పరీక్షలు చేసి 2009లో ఫలితాలు ప్రచురించారు. కారుతో పోలిస్తే ట్రైలర్ ఎంత బరువన్నది అధిక వేగంలో స్థిరత్వాన్ని కొద్దిగానే మార్చింది. బరువు ఎలా పరచుకుందన్నదీ, ఇరుసు ఎక్కడుందన్నదీ చాలా ఎక్కువగా మార్చాయి. కొక్కెం దగ్గర రాపిడితో ఊపును అణచే పరికరం మేలు చేసింది కానీ, ఊగులాటను ఇంకాస్త ఎక్కువ వేగానికి వాయిదా వేసిందంతే.

వేగానికి ఇందులో అంత పాత్ర ఎందుకు? ట్రైలర్ పక్కకు జరిగినప్పుడు టైరు తాను చూసే దిక్కుకు కాస్త వాలుగా నడుస్తుంది. ఆ వాలు కోణాన్ని బట్టి నేల దాన్ని వెనక్కి నెడుతుంది. పక్కకు కదిలే వేగం అంతే ఉండి, ముందుకు పోయే వేగం రెట్టింపైతే కోణం సగమవుతుంది. ఊపును చల్లార్చే బలమూ సుమారు సగానికి పడిపోతుంది. ఒక హద్దు దాటాక ప్రతి ఊపూ ముందుదాని కంటే పెద్దదవుతుంది. సరిగ్గా సర్దిన ట్రైలర్‌కు ఆ హద్దు 40 కిలోమీటర్లకు చాలా పైన ఉంటుంది. వెనక బరువుంటే కిందికి దిగుతుంది.

కాబట్టి ఈ దారిలో ఎక్కువగా బాధించేది ఎగిరిపాటే. జీపు స్ప్రింగుల మీద సెకనుకు ఒకటిన్నర సార్లు ఊగుతుందనుకుంటే, 40 కిలోమీటర్ల వేగంలో ఒక్కో ఊపుకు 7.4 మీటర్లు ముందుకు పోతుంది. రోడ్డు మీది ఎత్తుపల్లాలు కూడా దాదాపు అంతే దూరంలో వస్తుంటే, ఉయ్యాలను సమయానికి నెట్టినట్లే. వేగం 30కి తగ్గిస్తే ఆ లయ తప్పుతుంది. జీపు షాక్ అబ్జార్బర్లు అరిగితే చిన్న ఊపు కూడా ఆగదు. చిన్న ట్రైలర్లలో చాలావాటికి అవి ఉండనే ఉండవు, కమాన్ పట్టీల మధ్య రాపిడే ఆ పని చేస్తుంది. పడవను దించేటప్పుడు ఆ పట్టీలు ఉప్పునీటిలో మునుగుతాయి. మంచినీటితో కడగకపోతే తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, ప్రతి కుదుపూ నేరుగా కొక్కేనికి చేరుతుంది.

కొక్కెం మీద బరువు మరీ ఎక్కువైనా కీడే. జీపు వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ సరిగ్గా పలకదు. బరువును ముందు చక్రాలకూ పంచే ప్రత్యేక కొక్కేలు దీనికి మందు, తోక బరువుకు కాదు.

ఇంత చేశాక కూడా ఊగితే యాక్సిలరేటర్ మీది కాలు తీసి, స్టీరింగ్‌ను నిటారుగా పట్టుకోవాలి. ఊపుకు ఎదురు తిప్పితే చేయి ఆలస్యమై ఊపుకే తోడవుతుంది. గట్టిగా బ్రేకు వేస్తే ట్రైలర్ జీపును వెనక నుంచి నెట్టేస్తుంది. ట్రైలర్‌కు విడిగా బ్రేకు ఉంటే దాన్ని మాత్రమే మెల్లగా వాడాలి, అప్పుడది తాడు లాగినట్లు వరుసకు వస్తుంది.

అండమాన్‌లో ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. రాత్రి వానకు మూత లేని పడవలో వంద లీటర్లు నిలిస్తే అది వంద కిలోల సరుకు, అదీ కదిలే సరుకు. బండి ఎత్తు ఎక్కగానే నీరంతా వెనక్కి పరుగెత్తి, నిన్న సాయంత్రం తూచిన లెక్కను తలకిందులు చేస్తుంది. బయలుదేరేముందు పడవ అడుగున బిరడా తీసి నీరు వదిలేయాలి.