అప్పీలు తీర్పు నేర్పు పాఠము

ఎన్నూరులోని మన నేత కుటుంబాలలో వడ్డీని నూటికి నెలకింత అని చెప్పుకొనుట వాడుక. క్రెడిట్ కార్డు పత్రములలో ఏడాదికింత అని వ్రాయుదురు. ఏడాదికి 36 శాతమనగా మనము చెప్పుకొను మూడు రూపాయల వడ్డీయే. పదివేల బాకీపై నెలకు 300 రూపాయలు.

గడువుకు సొమ్ము కట్టని కార్డుదారుల నుండి ఏడాదికి 30 శాతమునకు మించి వడ్డీ తీసికొనుట అన్యాయ వ్యాపార పద్ధతియని 2008 జూలైలో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు చెప్పినది. బ్యాంకులు అప్పీలు చేసినవి. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. ఇరుపక్షములు ఒప్పుకొన్న షరతులను కమిషన్ తిరగవ్రాయజాలదనియు, వడ్డీల అదుపు రిజర్వు బ్యాంకు పనియనియు కోర్టు చెప్పినది.

కనుక నూలుకో, పెండ్లి ఖర్చుకో కార్డు వాడువారు 30 శాతము హద్దున్నదని నమ్ముకొనరాదు. సంతకమునకు ముందే నెలకెంత, ఏడాదికెంత అని అడిగి తెలిసికొనుడు. లెక్కలో తప్పు కనబడినచో ముందుగా బ్యాంకుకు వ్రాతమూలముగా ఫిర్యాదు చేసి, నకలు దాచుకొనుడు. 30 దినములలో జవాబు రాకున్నచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాసికొనవచ్చును. అందుకు రుసుము లేదు.

నేతకు కూర్చుండుటకు ముందు పడుగు సరిచూచుకొందుము గదా! సంతకమునకు ముందు పత్రమును అట్లే చూడవలెను.