రీకాల్ కోడ్ మూడక్షరాలు

మిడ్స్ అయిపోయిన రాత్రి హాస్టల్ రూమ్‌లో నలుగురం కూర్చుని 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్' పెట్టాం. క్లాసిక్ కామెడీ అని ఊదరగొట్టింది నేనే. చూస్తే బ్లాక్ అండ్ వైట్, పావుగంటైనా ఎవడూ నవ్వలేదు. "కామెడీ ఎక్కడ్రా?" అన్నాడు మా రూమ్మేట్. నేను జవాబు వెతుక్కునేలోపు వాడు నిద్రపోయాడు. అందుకే ఇక్కడ రాస్తున్నా. కథ మొత్తం చెప్పేస్తా, చూడనివాళ్ళు ముందు చూసి రండి.

స్టాన్లీ కుబ్రిక్ తీసిన ఈ సినిమా 1964 జనవరిలో వచ్చింది. క్యూబా క్షిపణుల గొడవ 1962 అక్టోబర్‌ది, అంటే జనానికి ఆ భయం ఇంకా పచ్చిగానే ఉంది. మూలం పీటర్ జార్జ్ నవల 'రెడ్ అలర్ట్'. అది సీరియస్ పుస్తకం. కుబ్రిక్ కూడా సీరియస్‌గానే మొదలుపెట్టి, రాస్తూపోతుంటే ఏ సీను చూసినా నవ్వొస్తోందని దారి మార్చాడు. అదే ఏడాది సిడ్నీ లూమెట్ 'ఫెయిల్ సేఫ్' వచ్చింది. దాదాపు ఇదే కథ, జోకుల్లేవు. అందులో గొడవ మొదలయ్యేది మెషీన్ చెడిపోయి. ఇక్కడ మాత్రం రూల్స్ అన్నీ రాసినట్టే నడుస్తాయి. నాకు నచ్చింది ఇదే.

జనరల్ జాక్ డి. రిప్పర్‌కి మతి చలిస్తుంది. రష్యా మీద బాంబులెయ్యమని తన విమానాలకి ఆర్డరిస్తాడు. ప్రెసిడెంట్ లేకుండా అదెలా కుదిరింది? 'ప్లాన్ ఆర్' అని ఒకటుంది. వాషింగ్టన్ మొత్తం పోయినా కింది అధికారి తిరిగి దెబ్బకొట్టగలిగేలా పెట్టిన ఏర్పాటు. దానికి ఓకే చెప్పింది ఎవరంటే, ఇప్పుడు అరుస్తున్న ప్రెసిడెంటే! విమానాల్ని వెనక్కి పిలవొచ్చుగా? కుదరదు. శత్రువు దొంగ ఆర్డర్లు పంపకుండా రేడియోకి ఒక పెట్టె తగిలించారు. మూడక్షరాల కోడ్ ముందు లేకపోతే ఏ మెసేజీనీ లోపలికి రానివ్వదు. మన భాషలో ఆథెంటికేషన్. బేస్‌కి సైన్యాన్ని పంపొచ్చుగా? శత్రువు మన యూనిఫాంలోనే రావచ్చని రిప్పర్ ముందే చెప్పి ఉంచాడు, కాపలావాళ్ళు సొంత సైన్యాన్నే కాలుస్తారు. వెనకాల 'శాంతే మా వృత్తి' అని బోర్డు.

ఒక్కో రూల్ విడిగా తీసుకుంటే, రివ్యూలో నేనైనా పాస్ చేసేవాణ్ణే.

కోడ్ ఎన్ని రకాలుగా ఉండొచ్చో జనరల్ టర్జిడ్సన్ చెప్తాడు: పదిహేడు వేల పైచిలుకు, అన్నీ పంపడానికి రెండున్నర రోజులు. లెక్క సరిగ్గానే ఉంది, 26 క్యూబ్ 17,576. (ఆయన వాటిని పర్మ్యుటేషన్లు అంటాడు. అక్షరాలు రిపీట్ అవుతాయి కాబట్టి మా మ్యాథ్స్ సార్ మార్కు కోసేవారు.) మాండ్రేక్ అనే బ్రిటిష్ అధికారి రిప్పర్ కాగితం మీద గీసిన పిచ్చిరాతలు చూసి, ఆ మూడక్షరాలు పి, ఓ, ఈ అని పట్టేస్తాడు. 17,576 కాస్తా ఆరుకి దిగింది. ఇక ఫోన్ చేయడమే. మామూలు లైన్లు తెగిపోయాయి, మిగిలింది కాయిన్ ఫోన్, చిల్లర చాలదు. పక్కనున్న కోకా కోలా మెషీన్‌ని కాల్చి నాణేలు తియ్యమంటే, అది ప్రైవేటు ఆస్తి అని కర్నల్ వెనకాడతాడు. అక్కడ ముగ్గురం పడిపడి నవ్వాం.

తర్వాత నా నవ్వు ఆగిపోయింది. పోయిన సెమిస్టర్ మా ఫెస్ట్‌కి రిమైండర్ మెయిల్స్ పంపే స్క్రిప్ట్ రాసింది నేను. మధ్యలో ఆగకూడదని సర్వర్ మీద పెట్టా. టెర్మినల్ మూసినా నడుస్తుంది, పడిపోతే తనే లేస్తుంది, నా పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ ముట్టుకోలేరు. చాలా గర్వంగా ఉండేది. తీరా చూస్తే తేదీ తప్పు వేశా. ఆ పాస్‌వర్డ్ ల్యాప్‌టాప్‌లో, ల్యాప్‌టాప్ రూమ్‌లో, నేను ఊరెళ్ళే బస్సులో. మూడొందల మందికి గంటగంటకీ తప్పు తేదీ వెళ్తూనే ఉంది. గట్టిగా ఉండాలని పెట్టినవే నన్ను బయట నిలబెట్టాయి.

సినిమాలో కోడ్ అందుతుంది, విమానాలు తిరిగొస్తాయి. ఒక్కటి తప్ప. రష్యన్ క్షిపణి తగిలి దాని రేడియో పోయింది. ఇంధనం కూడా కారిపోతుండటంతో మేజర్ కాంగ్ దగ్గర్లోని వేరే టార్గెట్‌కి మళ్ళుతాడు. రష్యన్లు పాత టార్గెట్ దగ్గర కాపు కాస్తుంటారు. కాంగ్ బృందాన్ని తిట్టబుద్ధి కాదు. ఎంత ఓపిగ్గా, ఎంత నైపుణ్యంగా పనిచేస్తారో! వాళ్ళు గెలవాలని మనకే అనిపిస్తుంది, గెలిస్తే ప్రపంచం పోతుందని తెలిసి కూడా.

ఎందుకంటే రష్యా దగ్గర డూమ్స్‌డే మెషీన్ ఉంది. బాంబు పడిందా, భూమ్మీద ప్రాణమంతా పోయేలా దానంతటదే పేలుతుంది, మనిషి ఆపలేడు. భయపెట్టి యుద్ధం ఆపడానికే కట్టారు. మరి ఎవరికీ చెప్పలేదేం? సోమవారం సభలో ప్రకటిద్దామనుకున్నారట.

ఇది అతిశయోక్తి అనుకునేవాళ్ళకి 1983 సెప్టెంబర్ 26 కథ చెప్తా. అమెరికా నుంచి క్షిపణులొస్తున్నాయని సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ అలారం కొట్టింది. డ్యూటీలో ఉన్న స్టానిస్లావ్ పెట్రోవ్ అది తప్పుడు అలారమని పైవాళ్ళకి చెప్పాడు. నిజంగా దాడి చేసేవాళ్ళు ఐదే క్షిపణులు పంపరు కదా అనుకున్నాడు. మబ్బుల మీద మెరిసిన ఎండని ఉపగ్రహం క్షిపణులనుకుంది. ఆ రాత్రి ఆ కుర్చీలో స్క్రీన్ చెప్పిందే నమ్మే మనిషి ఉండుంటే?

సినిమా గంటన్నరే. ముగ్గురు వేరువేరు మనుషులుగా కనిపించే పీటర్ సెల్లర్స్‌ని గమనించండి: మాండ్రేక్, ప్రెసిడెంట్, స్ట్రేంజ్‌లవ్ ముగ్గురూ ఆయనే. ప్రెసిడెంట్ రష్యా ప్రధానికి ఫోన్ చేసే సీను మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. తాగి అలిగిన బావమరిదిని బుజ్జగిస్తున్నట్టుంటుంది. మా రూమ్మేట్ పడుకున్నది సరిగ్గా దానికి ముందే.