సర్వే నంబరు అంకె కాదు!

కర్ణాటకలోని పావగడ పేరు చెబితే ఇప్పుడు అందరికీ సోలార్ పార్కే గుర్తొస్తుంది. తిరుమణి చుట్టుపక్కల అయిదు ఊళ్లలో సుమారు 13 వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. ఆ భూములు కొన్నవి కావు, రైతుల నుంచి కౌలుకు తీసుకున్నవి. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలు. కౌలంటే కాగితాలే: పహణీ, సర్వే నంబరు, బ్యాంకు ఖాతా. అలాంటి వివరాలను ఒకసారి ఫారంలో నింపితే, మళ్లీ ఎవరూ టైపు కొట్టే పని లేకుండా నేరుగా డేటాబేస్‌లోకి చేర్చవచ్చు. ఆ లంకె వేయడం నేర్చుకోదగ్గ విద్య.

ఈ విద్య కొత్తదేమీ కాదు. పీడీఎఫ్‌లో నింపే ఫారాలు 1996 నుంచే ఉన్నాయి. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ 2006లో తెచ్చిన ఎంసీఏ21 చాలా ఏళ్లు పీడీఎఫ్ ఈ-ఫారాల మీదే నడిచింది. 2022 నుంచి అవి వెబ్ ఫారాలుగా మారుతూ వచ్చాయి. పైరూపు మారినా లోపలి పని అదే: ఫీల్డు పేరు, అందులోని విలువ, వాటిని అందుకునే స్క్రిప్టు.

ఎలా పనిచేస్తుంది?

ఫారంలోని సబ్మిట్ బటన్‌కు సర్వర్‌లోని స్క్రిప్టు చిరునామా ఇస్తారు. నొక్కగానే డేటా హెచ్‌టీఎంఎల్ పద్ధతిలోనో, పీడీఎఫ్ ఫారాల డేటా కోసమే ఉన్న ఎఫ్‌డీఎఫ్ లేదా ఎక్స్‌ఎఫ్‌డీఎఫ్‌ ఫైలుగానో వెళ్తుంది. మొదటి పద్ధతిలో పీహెచ్‌పీకి మామూలు వెబ్ ఫారంలాగే అందుతుంది కనుక కొత్తవాళ్లకు అదే సులువు.

చిక్కులు చిన్నచోటే వస్తాయి. సర్వే నంబరును అంకెల ఫీల్డుగా పెడితే '112/2' లోపలికి పోదు. ఫారంలో తనిఖీలు పెట్టినా సర్వర్‌లో మళ్లీ తనిఖీ తప్పదు. ఫోన్లలోని చాలా పీడీఎఫ్ యాప్‌లలో సబ్మిట్ బటన్ పనిచేయదు. యూనికోడ్, ఫాంటు సరిగా కుదరకపోతే పేర్లలోని ఒత్తులు విడిపోతాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడ చదివిన పావగడ విద్యార్థి ఆ తప్పును చూడగానే పట్టేస్తాడు.

ఏం నేర్చుకోవాలి?

ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్ రైటర్‌తో పీడీఎఫ్ ఫారం తయారుచేయవచ్చు. దాంతోపాటు పీహెచ్‌పీ లేదా పైథాన్, ఎస్‌క్యూఎల్ అవసరం. ఈ ఒక్క నైపుణ్యంతోనే ఉద్యోగం రాదు. బ్యాకెండ్ డెవలపర్‌కు మాత్రం ఇది అదనపు బలం.

సెలవుల్లో ఒక కౌలు ఫారం తయారుచేసి, సొంత కంప్యూటర్‌లోనే సర్వర్ నడిపి, డేటా చేరుతోందో లేదో చూడండి. పరీక్షకు మాత్రం ఊళ్లోవాళ్ల అసలు ఖాతా నంబర్లు వాడకండి.