ప్రోగ్రామింగ్ క్లాసు ఎలా చెప్పాలి? ముందు చదివించండి, తర్వాత రాయించండి

ఇంజినీరింగ్ కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్‌కి తరచుగా మొదట అంటగట్టే సబ్జెక్టు ఫస్టియర్ ప్రోగ్రామింగ్. సిలబస్ కాపీ, ల్యాబ్ మాన్యువల్, అరవై మంది సెక్షన్ చేతికొస్తాయి. ఇక అక్కణ్నుంచి దారి అందరికీ తెలిసిందే. బోర్డు మీద ప్రోగ్రాం రాయడం, పిల్లలు దాన్ని నోట్సులోకి ఎక్కించుకోవడం, ల్యాబ్‌లో అదే టైపు చేయడం, రికార్డులో మళ్లీ అదే రాయడం. ఆర్మ్‌స్ట్రాంగ్ నంబరు, పాలిండ్రోమ్, ఫైబనాచి అందరి రికార్డుల్లోనూ ఉంటాయి. వైవాలో ఒక్క లైను మార్చి "ఇప్పుడు ఔట్‌పుట్ ఏమొస్తుంది?" అని అడిగితే మాత్రం నోరు పెగలదు.

ఇది మన కాలేజీల జబ్బు మాత్రమే కాదు. 2001లో మైకేల్ మెక్‌క్రాకెన్ బృందం నాలుగు యూనివర్సిటీల్లో, తొలి ప్రోగ్రామింగ్ కోర్సులు పూర్తిచేసిన 216 మందికి ఒక పరీక్ష పెట్టింది. 110 మార్కులకు సగటున వచ్చింది 22.89. ప్రోగ్రాం రాయడం రాలేదు సరే, కనీసం చదవడమైనా వచ్చా అన్న ప్రశ్న వెంటనే లేచింది. 2004లో రేమండ్ లిస్టర్ బృందం ఏడు దేశాల్లో అదే పరీక్షించింది. చిన్న చిన్న కోడ్ ముక్కలిచ్చి, ఇది నడిస్తే ఏమవుతుందని అడిగితే చాలామంది అక్కడే తడబడ్డారు. రాయడం రాకపోవడానికి మూలం చాలామందిలో చదవడం రాకపోవడమేనని అప్పుడు తేలింది. సరళీ స్వరాలు పలికించకుండా కీర్తన పాడమంటే ఏమవుతుందో, మన క్లాసుల్లోనూ అదే అవుతోంది.

ఈ లోటు పూడ్చే పద్ధతులు చాలానే ఉన్నాయి. వాటిలో ప్రొజెక్టర్ లేని గదిలో కూడా పనికొచ్చేవాటిని, క్లాసులో వాడుకోవాల్సిన వరసలో కింద ఇస్తున్నాను. సీ చెప్పినా, పైథాన్ చెప్పినా దారి ఒకటే.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

ఒక్కో విద్యార్థికి ఎ, బి, సి, డి అని రాసిన నాలుగు రంగుల అట్టముక్కలు. వారానికి నాలుగైదు మంచి ప్రశ్నలు. కోడ్ లైను లైనుగా నడుస్తుంటే మెమరీలో ఏం మారుతోందో బొమ్మ గీసి చూపే పైథాన్ ట్యూటర్ అనే ఉచిత సాధనం. పేరులో పైథాన్ ఉన్నా సీ, జావా ప్రోగ్రాములు కూడా అందులో నడుస్తాయి.

1. మొదటి వారంలోనే నాడి చూడండి

వేరియబుల్, అసైన్‌మెంట్ చెప్పిన మర్నాడే ఈ నాలుగు లైన్లు బోర్డు మీద రాయండి.

ఎ = 10
బి = 20
ఎ = బి
బి = ఎ

చివరికి ఎ ఎంత, బి ఎంత? పేరు రాయకుండా చీటీ మీద జవాబు రాసివ్వమనండి. సరైన జవాబు రెండూ 20. కానీ ఎ 20, బి 10 అని రాసేవాళ్లు కనిపిస్తారు. వాళ్ల లెక్కలో చివరి రెండు లైన్లూ ఒకేసారి జరిగాయి. రెండూ 10 అని రాసినవాళ్లు అసైన్‌మెంట్‌ని ఎడమ నుంచి కుడికి చదివారు. మూడో లైను చూసి "పది, ఇరవై సమానం కావు కదా, ఇది తప్పు" అన్నవాళ్లు ఆ గుర్తును ఇంటర్ లెక్కల్లోని సమానం అనుకున్నారు. ఒక్కో తప్పు వెనక ఒక్కో తర్కం ఉంది. ఏ తర్కం ఎంతమందిదో తెలిస్తే రేపటి క్లాసు ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. ఈ చీటీలు చూసి ఎవరికి ప్రోగ్రామింగ్ వస్తుంది, ఎవరికి రాదు అని తేల్చేయకండి. 2006లో లండన్ మిడిల్‌సెక్స్ యూనివర్సిటీకి చెందిన సయీద్ దెహ్నాది, రిచర్డ్ బోర్నాట్ ఇలాంటి ప్రశ్నలతోనే, కోర్సు మొదలుకాక ముందే రెండు రకాల విద్యార్థులను వేరుచేయవచ్చని రాశారు. ఆ మాట లోకమంతా పాకింది. 2014లో బోర్నాటే దాన్ని వెనక్కి తీసుకున్నారు. పాకిన మాట మాత్రం స్టాఫ్ రూముల్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

2. కంప్యూటర్ ముట్టక ముందు కాగితం మీద నడిపించండి

కోడ్ నడుస్తుంటే లోపల ఏం జరుగుతోందన్న బొమ్మ విద్యార్థి మనసులో స్పష్టంగా ఉండాలని బెనెడిక్ట్ డు బౌలే 1980ల్లోనే చెప్పారు. ఆ బొమ్మ లేనివాళ్లు కంప్యూటర్‌కి మన ఉద్దేశం ఎలాగో తెలిసిపోతుందనుకుంటారు. వేరియబుల్‌కి 'పెద్దది' అని పేరు పెడితే చాలు, అందులోకి పెద్ద సంఖ్యే వచ్చి కూర్చుంటుందని నమ్ముతారు. తెర వెనక తెలివైన మనిషి ఉన్నాడన్న ఈ భ్రమను 1986లో రాయ్ పీ 'సూపర్ బగ్' అన్నారు.

దీనికి మందు ట్రేసింగ్ పట్టిక. ఒక్కో వేరియబుల్‌కి ఒక నిలువు వరస గీయించండి. ఒక్కో లైను నడిచినప్పుడల్లా పాత విలువ కొట్టేసి కొత్తది రాయించండి. 1 నుంచి 4 వరకు కూడే లూపు తీసుకుంటే, మొత్తం వరసలో 0, 1, 3, 6, 10 వస్తాయి. అక్కడితో ఆపకండి. "లూపు ముగిశాక ఐ విలువెంత?" అని అడగండి. సీలో 1 నుంచి మొదలై 4 దాకా ఒక్కొక్కటి పెంచుకుంటూ పోయే ఫర్ లూపు 5 దగ్గర షరతు తప్పి ఆగుతుంది కాబట్టి జవాబు 5. పైథాన్ రేంజ్‌తో రాస్తే 4. చాలామంది సీలోనూ 4 అనే అంటారు. షరతు ఎప్పుడు పరీక్షకొస్తుందో తెలియదని అక్కడే బయటపడుతుంది. పట్టిక పూర్తయ్యాకే పైథాన్ ట్యూటర్ తెరిచి, తమ పట్టికతో సరిచూసుకోమనండి. వరస తారుమారైతే వాళ్లు బొమ్మ చూస్తారు గానీ ఆలోచించరు.

3. ప్రశ్న వేయండి, మాట్లాడుకోనివ్వండి

హార్వర్డ్ భౌతికశాస్త్ర ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. పేరు పీర్ ఇన్‌స్ట్రక్షన్. చేయాల్సింది ఇంతే.

నాలుగు ఆప్షన్ల ప్రశ్న బోర్డు మీద రాయండి. రెండు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా ఆలోచించి, చెప్పగానే అందరూ ఒకేసారి కార్డు ఎత్తాలి. ముప్పై నుంచి డెబ్బై శాతం దాకా సరిగ్గా ఎత్తితే చర్చకు అదే అదను. జవాబు మీరు చెప్పకండి. "పక్కవాళ్ల కార్డు వేరేది అయితే వాళ్లని ఒప్పించండి" అని మూడు నిమిషాలివ్వండి. మళ్లీ కార్డులెత్తించి, ఆ తర్వాత వివరించండి. అంతకన్నా తక్కువమందికి వస్తే ముందు పాఠం మళ్లీ చెప్పాలి. దాదాపు అందరికీ వచ్చేస్తే తర్వాతి ప్రశ్నకు పోవచ్చు.

ఈ పద్ధతిలో ప్రాణమంతా తప్పు ఆప్షన్లలో ఉంది. మొదటి అడుగులో చీటీల మీద వచ్చిన తప్పుల్నే ఆప్షన్లుగా పెట్టండి. పోటీ పరీక్షల బిట్లలాగా ఊరికే మూడు అంకెలు పడేస్తే చర్చకు ఏమీ మిగలదు.

క్లాసులో గోల పెరుగుతుంది. పక్క గది మేడం తలుపు దగ్గరికి వచ్చి చూసినా చూస్తారు. ఫలితం మాత్రం గట్టిది. శాండియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో లియో పోర్టర్, సింథియా లీ, బెత్ సైమన్ పదేళ్ల రికార్డులు తీసి 2013లో లెక్క చెప్పారు. నాలుగు కోర్సుల్లో సగటున 20 శాతం ఉన్న ఫెయిల్ రేటు ఈ పద్ధతితో 7 శాతానికి దిగింది. మనవాళ్లు ఇలా మాట్లాడరనుకోనక్కర్లేదు. ఒంటరిగా ఆలోచించి, జంటగా చర్చించి, క్లాసంతటితో పంచుకునే ఇలాంటి పద్ధతినే ఐఐటీ బొంబాయిలో వందలమంది కూర్చునే ప్రోగ్రామింగ్ క్లాసులో పరిశీలించారు. అత్యధికులు నిజంగానే పనిలో మునిగి ఉన్నారని 2013లో ప్రకటించారు.

ఇంకొక్క మాట. చర్చ తెలుగులో జరగనివ్వండి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల ఇంగ్లిష్‌లో వాక్యం కూర్చుకునేలోగా మూడు నిమిషాలూ అయిపోతాయి. 'ఇఫ్', 'వైల్' ఎలాగూ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, తర్కం ఏ భాషలో నడిచినా కంపైలర్‌కి పట్టదు.

4. లైన్లు కలిపేసి ఇవ్వండి

చదవడం నుంచి రాయడానికి వెళ్లే దారిలో మెట్టు లాంటివి పార్సన్స్ ప్రాబ్లమ్స్. 2006లో న్యూజిలాండ్ ఒటాగో పాలిటెక్నిక్‌లో డేల్ పార్సన్స్, పట్రీషియా హేడెన్ వీటిని రూపొందించారు. సరైన ప్రోగ్రాం లైన్లను తారుమారు చేసి, ఒకటి రెండు తప్పు లైన్లు కూడా కలిపి ఇస్తారు. వాటిని వరసలో పేర్చాలి.

ఉదాహరణకు, వారం రోజుల ఉష్ణోగ్రతల్లో అన్నిటికన్నా ఎక్కువది కనుక్కోవాలి. ఈ ఆరు లైన్లూ చీటీలుగా కత్తిరించి ఇవ్వండి.

పెద్దది ముద్రించు
ఉష్ణోగ్రత > పెద్దది అయితే
పెద్దది = 0
పెద్దది = ఉష్ణోగ్రత
పెద్దది = జాబితాలో మొదటిది
జాబితాలోని ప్రతి ఉష్ణోగ్రతకూ

ఇందులో అయిదే కావాలి. 'పెద్దది = 0' అన్నది ఎర. విజయవాడ మే నెల లెక్కలకు అది చక్కగా పనిచేస్తుంది. అదే ప్రోగ్రాంకి జనవరిలో లదాఖ్‌లోని ద్రాస్ రాత్రి ఉష్ణోగ్రతలు ఇవ్వండి. అన్నీ సున్నా కన్నా కిందే కాబట్టి జాబితాలో లేని సున్నాని పట్టుకొచ్చి చూపిస్తుంది. ప్రోగ్రాంని ఏ ఇన్‌పుట్‌తో పరీక్షించాలన్న పాఠం వేరే చెప్పక్కర్లేకుండా ఇక్కడే వచ్చేస్తుంది.

ఇలా పేర్చడం తేలిక పని కదా, దీంతో ఏం నేర్చుకుంటారు అని అనుమానం రావచ్చు. బార్బరా ఎరిక్సన్ బృందం 2017లో పోల్చి చూసింది. లైన్లు పేర్చినవాళ్లకు పట్టిన సమయం అదే కోడ్ సొంతంగా రాసినవాళ్ల కన్నా తక్కువ. నేర్చుకున్నది మాత్రం సమానమే. సెమికోలన్ వెతుక్కోవడంలో కరిగిపోయే ల్యాబ్ గంట అలా మిగులుతుంది.

5. చేసి చూపిన లెక్కకు మెట్ల పేర్లు పెట్టండి

బోర్డు మీద ప్రోగ్రాం చేసి చూపేటప్పుడు లైన్లను గుంపులుగా విడగొట్టి ఒక్కో గుంపు పైన అది చేసే పని రాయండి. 'మొదటి విలువ పెట్టుకోవడం', 'ఒక్కొక్కటి చూడడం', 'అవసరమైతే మార్చడం', 'ఫలితం చూపడం' అన్నట్లు. జార్జియా టెక్‌లో లారెన్ మార్గులియే, మార్క్ గజ్డియల్, రిచర్డ్ కాట్రంబోన్ 2012లో ఇలాంటి పేర్లున్న ఉదాహరణలు, లేని ఉదాహరణలు ఇచ్చి చూశారు. పేర్లున్న ఉదాహరణలతో నేర్చుకున్నవాళ్లు కొత్త పనుల్లో మెరుగ్గా నిలిచారు. కారణం ఊహించదగ్గదే. కనిష్ఠం, మొత్తం, సరిసంఖ్యల లెక్క, ఏది ఇచ్చినా మెట్లు ఆ నాలుగే. విద్యార్థి ప్రోగ్రాంని బట్టీ పట్టకుండా మెట్లని పట్టుకుంటాడు.

6. ఇప్పుడు రాయించండి, జంటగా

ల్యాబ్‌లో ఇద్దరికి ఒక కంప్యూటర్. టైపు చేసేవాళ్లు డ్రైవర్, పక్కన కూర్చుని ప్రతి లైనూ గమనించి తప్పులు చెప్పేవాళ్లు నావిగేటర్. పదిహేను నిమిషాలకోసారి స్థానాలు మార్పించండి. మార్పించకపోతే వచ్చినవాళ్లే చివరిదాకా కీబోర్డు వదలరు. సిస్టమ్స్ చాలక ఇద్దరిని కూర్చోబెట్టడం మనకు కొత్తేమీ కాదు. పాత్రలు చెప్పి కూర్చోబెట్టడమే కొత్త. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో లారీ విలియమ్స్ బృందం, శాంటాక్రూజ్‌లో చార్లీ మెక్‌డవెల్ బృందం 2000ల మొదట్లోనే ఈ పద్ధతికి మంచి ఫలితాలు చూపించాయి.

7. మార్కులు వివరణకివ్వండి

2022లో ఆక్లండ్ పరిశోధకులు కోడ్ రాసే ఏఐ మోడల్ అయిన ఓపెన్ ఏఐ కోడెక్స్‌తో ఫస్టియర్ ప్రోగ్రామింగ్ పరీక్ష రాయించారు. అదే పరీక్ష రాసిన 71 మందితో కలిపి చూస్తే దానికి దక్కిన స్థానం 17. ఆ తర్వాత వచ్చిన మోడళ్లు ఇంకా ముదిరాయి. కాబట్టి ఇంటికిచ్చే అసైన్‌మెంట్, ల్యాబ్ రికార్డు చూసి మార్కులు వేయడంలో ఇక అర్థం లేదు.

వైవాలో ఒక కోడ్ ముక్క చూపించి "ఇది చేసే పని ఒక్క వాక్యంలో చెప్పు" అనండి. "కౌంట్ సున్నా, తర్వాత ఫర్ లూపు, రెండుతో భాగిస్తే శేషం సున్నా అయితే కౌంట్ ఒకటి పెరుగుతుంది" అని లైన్లు అప్పజెప్పినవాళ్లకు సగం మార్కులు. "జాబితాలో సరిసంఖ్యలు ఎన్నున్నాయో లెక్కపెడుతుంది" అన్నవాళ్లకు పూర్తి మార్కులు. ట్రేస్ చేయడం, ఇలా వివరించడం వచ్చినవాళ్లే సాధారణంగా రాయడంలోనూ ముందుంటారని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో నడిచిన బ్రేస్‌లెట్ ప్రాజెక్టు పరిశోధకులు గమనించారు.

8. పనిచేసిందో లేదో కొలవండి

మొదటి వారం చీటీలు దాచి ఉంచండి. అవే ప్రశ్నలు, అంకెలు మార్చి, ఎనిమిదో వారంలో మళ్లీ ఇవ్వండి. ఏ తప్పు తగ్గింది, ఏది మొండిగా నిలిచింది అని పట్టిక వేయండి. మీ సెక్షన్ ఫలితాన్ని పక్క సెక్షన్‌తో పోల్చేముందు రెండింటిలో చేరినవాళ్లు ఒకే స్థాయివాళ్లా అని చూసుకోండి. ర్యాంకుల వారీగా సెక్షన్లు వేసే కాలేజీలో ఆ పోలిక చెల్లదు. వివరాలు ఎక్కడైనా ప్రచురించాలనుకుంటే విద్యార్థుల అనుమతి తీసుకోండి, పేర్లు తీసేయండి, ఒప్పుకోనివాళ్ల మార్కుల మీద ఆ ప్రభావం పడనీయకండి. ఇలాంటి పనులకు ఏసీఎం ఇండియా ఏటా నడిపే కంప్యూట్ సదస్సు తగిన వేదిక.

ఎనిమిది అడుగులూ ఒకే సెమిస్టర్‌లో వేయబోతే సిలబస్ వెనకబడుతుంది, హెచ్‌ఓడీ పిలిపిస్తారు. ఈ సెమిస్టర్‌కి ఒకటి, రెండు, మూడు అడుగులు చాలు. వారానికి రెండు కార్డుల ప్రశ్నలంటే పోయేది ఇరవై నిమిషాలే. బోర్డు మీద ప్రోగ్రాం ఎక్కించుకోవడానికి వదిలేసే సమయంలో అది సులువుగా దొరుకుతుంది. వచ్చే సోమవారం క్లాసుకు ఒక్క ప్రశ్న తయారు చేసుకోండి. తప్పు ఆప్షన్లు మాత్రం పిల్లల చీటీల్లోంచే తీసుకోండి.